ఫిల్మ్ ఫెస్టివల్ గైడు ఎలా ఎంచాం, ఎవర్ని కత్తిరించాం

భిలాయిలో రిటైరైన మనుషులకి కరువు లేదు. నెలాఖరు వచ్చిందంటే ఉక్కు ప్లాంటు గేటు నుంచి దండలు వేసుకున్న పెద్దమనుషులు బయటికి వస్తారు. భుజం మీద శాలువా, చంకలో గోడ గడియారం. ఆ గడియారం ఎందుకో మర్నాడు తెలుస్తుంది. షిఫ్టు లేనివాడికి పొద్దు ఎంత నెమ్మదిగా కదులుతుందో చూసుకోవడానికి.

నేను ముప్ఫై నిండకముందే రిటైరయ్యాను. నేను పనిచేసిన పుస్తకాల షాపు మొన్న వేసవిలో మూతపడింది. ఆ చోట ఇప్పుడు కంప్యూటర్ క్లాసులు చెబుతున్నారు. నాకు శాలువా కప్పలేదు గాని, అమ్ముడుపోని వంటల పుస్తకాలు ఒక కట్ట ఇచ్చారు. రిటైరైనవాడు అనుభవాలు చెప్పాలన్నది మా ఊరి ఆనవాయితీ కాబట్టి నేనూ చెబుతున్నాను. పుస్తకాలు అమ్మే పనిలోకి కొత్తగా దిగే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తే సంతోషం. పార్సిళ్ళు విప్పేవాడిగా చేరి, పార్సిళ్ళు విప్పి బిల్లు కూడా రాసేవాడిగా నేను ఎదిగిన వైనం వదిలేస్తున్నాను. ఒక్క పుస్తకం ఎంచిన సంగతి మాత్రం కాస్త వివరంగా చెబుతాను. ఈ పని నాకు వచ్చేసిందేమో అని అనుమానం కలిగింది ఆ ఒక్కసారే.

ఆఖరి పేజీ

షాపు యజమాని మూర్తిగారిది విజయనగరం. ప్లాంటు ఉద్యోగం విరమించాక, ఇంట్లో కూర్చుంటే భార్య కూరలు తరగమంటుందని షాపు పెట్టారు. మా వ్యాపారంలో ముప్పాతిక భాగం పరీక్ష గైడులు. ఈ టౌన్‌షిప్‌లో మొదటి పరిశ్రమ ఉక్కు, రెండోది పిల్లల్ని ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి తయారుచేయడం. రెండింటిలోనూ వేడి ఒకటే.

మూర్తిగారికి రెండు సూత్రాలుండేవి. మొదటిది: "ఆడికి ఏటి కావాలో అడక్కు. మనకాడ దుమ్ము పట్టింది ఏటుందో అదివ్వు." ఇది తప్పుడు సూత్రం. పాటించకండి.

రెండోది మాత్రం బంగారం. కొత్త పుస్తకం రాగానే ఆయన ఆఖరి పేజీలు తిరగేసేవారు. "మొదటి పేజీలో పుస్తకం రాసినోడు ముస్తాబై కూచుంటాడ్రా. ఎనక నుంచి ఎళ్ళు, బనీనుతో దొరుకుతాడు" అనేవారు. పుస్తకాల గురించి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

పార్వతక్క అడిగినది

పార్వతక్కది ఖుర్సీపార్, భిలాయిలోనే తెలుగు కార్మికులు ఎక్కువగా ఉండే పేట. వాళ్ళాయనకి అక్కడ వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళలో మగవాళ్ళ వైపు ఆయన తీస్తే, పెళ్ళికూతురి గదిలోకి, ఆడవాళ్ళ మధ్యకి కెమెరా పట్టుకుని అక్క వెళ్ళేది. నిజం చెప్పాలంటే ఆయన తీసిన భాగం జనం ఫాస్ట్ ఫార్వర్డులో చూసేవారు.

ఒకరోజు మధ్యాహ్నం షాపుకి వచ్చి కౌంటరు మీద సంచీ పెట్టింది.

"రమణా, సినిమా పండగలకి గైడు ఉంటాదంట కదా. నీకాడ ఉందేటి?"

"పదో క్లాసుకా అక్కా, పన్నెండుకా?"

"పళ్ళు రాలగొడతాను. ఫిల్మ్ ఫెస్టివల్ గైడు. మనం తీసింది ఎక్కడికి పంపాలో, ఎలగ పంపాలో రాసుంటాదంట. అధ్యక్షులుగారు సెప్పారు."

సంగతేమిటంటే, అక్క వాళ్ళ నాన్న అప్పలస్వామి మావయ్య రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. డ్యూటీ అయ్యాక తప్పెటగుళ్ళ దళానికి గురువు. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, గుండ్రంగా తిరుగుతూ పాడుతూ వాయిస్తూ ఆడతారు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు పెట్టెల్లో ఆవకాయతో పాటు తెచ్చుకున్న ఆట అది. ఆ ఏడాది మావయ్యా, దళంలో ఇంకొందరూ ఒకరి వెనక ఒకరు రిటైరవుతున్నారు. క్వార్టర్లు ఖాళీచేసి ఎవరి దారిన వాళ్ళు పోబోతున్నారు. తెలుగు సంఘం ఫంక్షన్లో ఆడిన ఆట వాళ్ళకి చివరిది. అక్క దాన్ని మొదటి నుంచి చివరిదాకా కెమెరాలో పట్టింది.

"మళ్ళీ తీద్దామంటే వోళ్ళుండరు" అంది. "పెళ్ళిళ్ళు ఎన్ని తీసినా ఆ ఇంటోళ్ళే సూస్తారు. ఇదొక్కటి ఎవులైనా ముక్కూమొగం తెలీనోళ్ళు సూడాల, రమణా."

అది చెబుతున్నప్పుడు సంచీ పిడిని చేత్తో మెలితిప్పుతూనే ఉంది. నా దగ్గర జోకు ఉంది గాని వాడలేదు.

అధ్యక్షులుగారంటే నరసింగరావుగారు. ప్లాంటులో పెద్ద అధికారి, స్మృతి నగర్‌లో సొంత ఇల్లు, తెలుగు సంఘానికి తిరుగులేని పెద్ద. కేసెట్టు చూసి, "ఇది ఫెస్టివల్‌కి వెళ్ళాల్సిన సినిమా అమ్మా" అని మెచ్చుకున్నారట. అంతగా ఎందుకు నచ్చిందో తర్వాత కేసెట్టు చూసినప్పుడు నాకు అర్థమైంది.

చూసేవాడి గైడు, పంపేవాడి గైడు

నేను ఏదో అనేలోపు మూర్తిగారు తమ మొదటి సూత్రం అమలు చేశారు. పై అరలో చాలాకాలంగా నిద్రపోతున్న లావుపాటి విదేశీ పుస్తకం దించి, తుండుతో తుడిచి అక్క చేతిలో పెట్టారు. మెరిసే కాగితం, రంగుల బొమ్మలు, అట్ట మీద ఎర్ర తివాచీ.

వారం తిరక్కుండా అక్క దాన్ని మోసుకుని వెనక్కి వచ్చింది. ఆ బరువుకి అది మోయడమే.

"మూర్తిగారూ, ఇందులో ఏ ఊళ్ళో ఏ హోటలు బాగుంటాదో ఉంది. ఎవులు ఏ గౌను ఏసుకొచ్చారో ఉంది. నా కేసెట్టు ఎవులికి పంపాలో లేదు."

"అమ్మిన పుస్తకం వాపసు తీసుకోమమ్మా. రూలు."

"వాపసు వొద్దండి. మీరే సదివి మీరే పంపీయండి నా సినిమా. కేసెట్టు తెచ్చాను." నిజంగానే సంచీలోంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

మూర్తిగారు కేసెట్టు వైపు, నా వైపు చూసి, "బదులు ఇంకోటి తెప్పించి ఇస్తాడు మావాడు" అన్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మూడో సూత్రం అదే. చిక్కు వస్తే కుర్రాడి మీదకి తొయ్యి.

ఆ రోజు నాకు తెలిసిందేమిటంటే, ఫెస్టివల్ గైడులు రెండు జాతులు. ఒకటి చూడ్డానికి వెళ్ళేవాడికి, రెండోది సినిమా పంపేవాడికి. పెళ్ళికి వెళ్ళేవాడికి భోజనాలు ఎక్కడో తెలిస్తే చాలు. పెళ్ళి చేసేవాడికి ముహూర్తం తెలియాలి. కస్టమరు ఏ వైపు మనిషో కనుక్కోకుండా గైడు చేతిలో పెట్టేవాడు మధ్యవర్తిగా పనికిరాడు. ఒక్క ప్రశ్న చాలు: "మీరు వెళ్తారా, పంపుతారా?"

మూడు పుస్తకాల పోటీ

సరఫరాదార్లకి రాసి, నచ్చకపోతే తిప్పి పంపే షరతు మీద మూడు గైడులు తెప్పించాను. పార్వతక్కా నేనూ షాపు వెనక గోదాంలో స్టూళ్ళ మీద కూర్చుని వాటికి పరీక్ష పెట్టాం. గైడులకి పరీక్ష పెట్టడం భిలాయిలో అదే మొదటిసారి అయ్యుండాలి.

మొదటి దాని అట్ట మీద ఆ ఏడాది అంకె తళతళలాడుతోంది. లోపల సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది. భిలాయిలో పుట్టినవాడికి సోవియట్ యూనియన్ మీద గౌరవం ఉంటుంది, వాళ్ళ సాయంతోనే ప్లాంటు లేచింది. అయినా లేని దేశానికి కేసెట్టు పంపలేం కదా. అట్ట మార్చి అమ్మే గైడుని పట్టుకోవాలంటే ఈ చిట్కా గుర్తుంచుకోండి: దేశాల పేర్లు చూడండి, ఊళ్ళ పేర్లు చూడండి. తేదీ అబద్ధమాడుతుంది గాని భూగోళం ఆడదు.

రెండోది బుద్ధిమంతుడి పుస్తకం. ప్రతి ఉత్సవం ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో, మధ్యలో ఎవరితో ఎవరు తగువుపడ్డారో ఉంది. చదవడానికి హాయిగా ఉంది. అందులో ఒక ఫోన్ నంబరు తీసుకుని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకి వెళ్ళాం. అవతల ఎత్తింది టైర్ల కొట్టువాడు. పాపం మంచివాడే. ఫెస్టివల్ గురించి అడిగేవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తూనే ఉంటారని, ఇప్పటిదాకా టైరు మాత్రం ఒక్కరూ కొనలేదని హిందీలో చెప్పాడు.

"పోనీలే భయ్యా, మా మోపెడ్‌కి అవసరమైతే నీకే చేస్తాను" అంది అక్క.

గైడుని కొనేముందు అందులోని ఒక్క నంబరుకి ఫోన్ చేయండి. ఆ కాల్ ఖర్చు పుస్తకం ఖర్చులో భాగమే.

మూడోది పలచటి పుస్తకం. ఎక్కడో ఒక ఫిల్మ్ క్లబ్బువాళ్ళు టైపు కొట్టి, అచ్చేసి, రెండు పిన్నులు గుచ్చారు. బొమ్మల్లేవు. అట్ట రంగు రేషన్ కార్డు రంగు.

"ఇదేట్రా, రైల్వే టైమ్ టేబుల్లాగుంది" అంది అక్క.

"అందుకే దీన్నే చూడమంటున్నాను. టైమ్ టేబుల్లో కొండలు ఎంత బాగుంటాయో రాయరు. బండి ఎప్పుడు బయల్దేరుతుందో రాస్తారు."

మూర్తిగారి రెండో సూత్రం ప్రకారం వెనక నుంచి తెరిచాను. ఆఖర్న సూచిక ఉంది. పేరుని బట్టి కాదు, పనిని బట్టి: వీడియో కేసెట్టు తీసుకునేవి, రీలు మాత్రమే తీసుకునేవి, ప్రవేశ రుసుము లేనివి, జానపద కళల మీద తీసినవి కోరేవి, కేసెట్టు తిప్పి పంపేవి, పంపనివి. ప్రతి ఉత్సవం కింద చివర ఒక వాక్యం ఉంది: ఎవరు పంపకూడదో. "కథా చిత్రాలు వద్దు." "సంస్థల ప్రచార చిత్రాలు వద్దు." అన్నిటికీ తల ఊపే గైడు ఎవరికీ దారి చూపదు. వద్దని చెప్పే గైడే కొనండి.

అక్క వేలు ఒకచోట ఆగింది. దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో జరిగే ఉత్సవం. జానపద కళల మీద తీసిన చిత్రాలు. వీడియో కేసెట్టు చాలు. గడువు ఇంకా ఉంది. ఆ పేజీలో నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తినావిడ ఉత్సవం మనిషే. పంపమంది. అక్క రిసీవరు పెట్టేసి కూడా దాని మీద చెయ్యి తీయలేదు.

తిరిగొచ్చాక మిగతా రెండు వాక్యాలు చదివాం. నిడివి ముప్ఫై నిమిషాలు మించకూడదు. ఎంపిక చేసేవాళ్ళు సాధారణంగా మొదటి కొద్ది నిమిషాల్లోనే తేల్చుకుంటారు కాబట్టి, జ్యోతి ప్రజ్వలనలు, స్వాగతోపన్యాసాలు పంపకూడదు.

అక్క పుస్తకం మూసింది.

హీరో మైకు

ఎందుకు మూసిందో ఆ సాయంత్రం వాళ్ళ స్టూడియోలో కేసెట్టు చూసినప్పుడు తెలిసింది. సినిమా ముప్పావు గంట. మొదట దీపం. తర్వాత దీపం వెలిగించిన చెయ్యి. తర్వాత ఆ చెయ్యి తాలూకు నరసింగరావుగారు. దండలు, శాలువాలు, బొకేలు. తర్వాత ఆయన ఉపన్యాసం, ఒక్క వాక్యం పోకుండా. ఆ తర్వాత తప్పెటలు.

ఇది అక్క తెలివితక్కువతనం కాదు, మా ఊరి వృత్తి ధర్మం. ఇక్కడ వీడియో తీసేవాళ్ళు మొదట నేర్చుకునేది ఎవరి ముఖం వదలకూడదో. పెద్దాయన దండ తప్పిపోతే కేసెట్టు వెనక్కి వస్తుంది, వచ్చే పండక్కి పిలుపు రాదు. సంఘం ఫంక్షన్లూ, సంఘం సభ్యుల ఇళ్ళలో పెళ్ళిళ్ళూ, వాటి మీదే ఆ స్టూడియో నడిచేది.

రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి ఎక్కిస్తూ అక్క ముప్ఫై నిమిషాలకి కుదించింది. నన్ను పిలిచి చూపించింది. దీపం ఉంది, దండలున్నాయి, ఉపన్యాసం ఉంది. తప్పెటల ఆట సగమైంది. గోపురం కట్టడం మొదలైంది గాని పూర్తికాలేదు.

"ఎలగుంది?"

"బాగుందక్కా. హీరో మైకే. బాగా చేసింది."

నవ్వలేదు. "ఆయన్ని తీసేస్తే ఉగాది కాంట్రాక్టు పోద్ది, రమణా. తీయకపోతే సినిమా పోద్ది. ఏటి సెయ్యమంటావు?"

ఈ వృత్తిలో ఒక సంగతి తెలుసుకోండి. మంచి గైడు కస్టమరుకి దారి చూపిస్తుంది, నడక వాళ్ళదే. "ఆయన్నే అడుగుదాం" అన్నాను. అంతకంటే తెలివైన సలహా నా దగ్గర లేదు.

స్మృతి నగర్‌లో టీ

నరసింగరావుగారు మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టారు. టీ తెప్పించారు, బిస్కట్లు తినమన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఖుర్సీపార్‌లో ఎవరికైనా ఆస్పత్రిలో మంచం కావాలంటే ముందుగా ఫోన్ చేసేది ఆయనే. కళ్ళజోడు పెట్టుకుని గైడులో ఆ పేజీ శ్రద్ధగా చదివారు.

"ఉపన్యాసాలు వద్దన్నారు, నిజమే. అవి రాజకీయ నాయకుల ఉపన్యాసాలై ఉంటాయమ్మా. నాది కళ గురించి కదా. సందర్భం తెలియాలంటే అది ఉండాలి."

"అవునండి" అంది అక్క.

"పోనీ చివర్న పెట్టు."

"సివర్న పెట్టినా ముప్ఫై దాటిపోద్ది సార్."

ఆయన టీ తాగుతూ ఆలోచించారు. "అయితే ఆట ఇంకాస్త తగ్గించు. అంతా ఒకటే కదా, దూకడమే."

అక్క కప్పు బల్ల మీద పెట్టింది. "ఎళ్ళొస్తామండి" అంది. బిస్కట్టు ముట్టుకోలేదు. ఇద్దరి తరఫునా నేనే తినేశాను. మర్యాద అనేది ఒకటుంటుంది.

బయట మోపెడ్ స్టార్ట్ చేస్తూ, "ఒకటేనంట" అంది. ఖుర్సీపార్ దాకా బండిని ఉరికించింది. వెనక కూర్చున్న నాకు ఆవిడ నడిపే తీరు చూస్తే దేవుడితో తప్ప ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఆ వారమే కేసెట్టు పోస్టులో వెళ్ళింది. మొదటి క్షణం నుంచి తప్పెటలే. దీపం లేదు, దండ లేదు, అధ్యక్షులుగారి చిటికెనవేలు కూడా లేదు. గోపురం పూర్తిగా ఉంది.

లాభనష్టాలు

ఎంపికయింది. అక్క వాళ్ళాయన్ని తోడు తీసుకుని వెళ్ళింది. పొద్దున్న వేళ వేశారట, హాల్లో సగం కుర్చీలు ఖాళీ. "ముక్కూమొగం తెలీనోళ్ళేనా?" అని అడిగాను. "ఒక్కడూ తెలీదురా. తెలుగే రాదు వోళ్ళకి. గోపురం లేసినప్పుడు మాత్రం ముందుకి ఒంగారు" అని, ఎలా వంగారో వంగి చూపించింది. బహుమతి రాలేదు. ప్రశంసాపత్రం ఇచ్చారు, అక్క పేరులో తప్పుతో సహా.

ఉగాది కాంట్రాక్టు సెక్టర్ 7లో ఇంకో స్టూడియోకి పోయింది. తిట్లు లేవు, కోపతాపాలు లేవు. పిలుపు రాలేదు, అంతే. పెళ్ళికూతుళ్ళ తల్లులు మాత్రం అక్కనే పిలుస్తూ వచ్చారు, స్టూడియో కుంటుతూ నడిచింది. సంఘం లైబ్రరీ పుస్తకాలు కొనడం మా షాపులో మానేసి పక్క ఊరు దుర్గ్‌లో మొదలుపెట్టింది.

"పలచటి పుస్తకం ఒకటి అమ్మి లావుపాటి కస్టమర్ని పోగొట్టావురా" అన్నారు మూర్తిగారు. ఇలాంటి మాటలు ఆయన ప్రేమగానే అనేవారు. తర్వాత ఎవరైనా ఏ గైడు అడిగినా, "ఉండండి, మావాడు ఎంచుతాడు" అని నన్ను పిలవడం మొదలుపెట్టారు. నాకు దక్కిన ప్రమోషన్ అదొక్కటే. ప్రమోషన్ల గురించి రాయనన్నాను గాని, ఇది మినహాయించండి.

ఖుర్సీపార్‌లో ప్రదర్శన

ఉత్సవం నుంచి కేసెట్టు తిరిగొచ్చాక, దళం వాళ్ళు ఊళ్ళకి బయల్దేరేముందు ఒక ఆదివారం సాయంత్రం పార్వతక్క అందర్నీ ఇంటికి పిలిచింది. టీవీని గుమ్మంలో పెట్టి వాకిట్లో కుర్చీలు వేసింది. తప్పెటలు లేకుండా, ఇస్త్రీ చొక్కాలతో వాళ్ళని చూస్తే ఎవరో పెళ్ళివారనిపించారు.

సంఘం ఫంక్షన్ల కేసెట్లు వాళ్ళు ఎన్నో చూశారు. వాటిలో దండల దాకా ఉంటుంది. ఆట మొదలయ్యే సమయానికి కెమెరా మనిషిని పెద్దలతో పాటు భోజనానికి తీసుకెళ్ళడం రివాజు. ఈసారి అక్క ఒక్కతే వెళ్ళలేదు. అందుకని ఇన్నేళ్ళు ఆడినా, తాము ఆడుతుంటే ఎలా ఉంటుందో ఆ మనుషుల్లో ఒక్కరూ చూడలేదు. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తట్టనేలేదు.

తెర మీద తప్పెట మోగింది. వాకిట్లో ఎవరూ కదల్లేదు. గోపురం లేచింది, దిగింది. అయిపోయాక అప్పలస్వామి మావయ్య టీవీ దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఎనక్కి తిప్పమ్మా. ఇంకా. ఆఁ, అక్కడ. ఆ మద్దెనున్నోడు ఎవుడు?"

"నువ్వే నాన్నా."

మావయ్య తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ చూశాడు.

"ఎడమ కాలు ఆలీసంగా పడతంది" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఒక్కడూ సెప్పలేదేట్రా మీరు?"

"నీకెవుడు సెప్తాడు? గురువువి కదేటి" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

మావయ్య లేచాడు. పంచె ఎగ్గట్టి, తెర మీద ఆడుతున్న తన పక్కనే తను నిలబడ్డాడు. అక్క రిమోట్ పట్టుకుని, అడగకుండానే వెనక్కి తిప్పింది. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చోటు కోసం కుర్చీలు వాకిటి చివరికి జరపడం మొదలుపెట్టారు.